తెలియనితనం, భయం, క్షేమం: మేడ్చల్–షామీర్‌పేట టీకాల చరిత్రపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

హైదరాబాదు నుండి కరీంనగర్ వైపు వెళ్ళే రాజీవ్ రహదారి మీద షామీర్‌పేట చెరువు దాటిన తరువాత తుర్కపల్లి వస్తుంది. దానికి పడమరగా, నిజామాబాదు వైపు సాగే జాతీయ రహదారి మీద మేడ్చల్ ఉంది. గత ముప్ఫై సంవత్సరాల కాలంలో ఈ రెండు దారుల వెంట ఉన్న పల్లెల పొలాల్లో టీకా కర్మాగారాలు వెలిశాయి. ఇక్కడ తయారైన టీకాలు మన దేశంలోని పసిబిడ్డలకే కాక అనేక పేద దేశాల బిడ్డలకు కూడా అందుతున్నాయి. అయితే 2021 జనవరిలో తుర్కపల్లిలో తయారైన కోవిడ్ టీకా ప్రజల ముందుకు వచ్చినప్పుడు, అది పుట్టిన నేల మీద కూడా కాపరుల దగ్గరకు వచ్చిన ప్రశ్న ఒక్కటే: "అయ్యగారూ, వేయించుకోవచ్చా?"

ఈ ప్రశ్న వైద్య సమాచారం కోసం వేసినది మాత్రమే కాదు. దాని వెనుక మరొక ప్రశ్న ఉంది. తెలియని దానితో ఎంతకాలం ఉండగలం? ప్రమాదమో కాదో తేలని స్థితిని ఎలా మోయాలి? ఈ వ్యాసంలో మేము ఆ రెండవ ప్రశ్నను చరిత్ర వెలుగులో పరిశీలించదలచాము. అనిశ్చితిని భరించలేకపోవడం అనేది ప్రమాదాన్ని గురించీ క్షేమాన్ని గురించీ మనుషులు నేర్చుకునే తీరును ఎలా మారుస్తుందో మొదట సంగ్రహంగా వివరిస్తాము. తరువాత సంఘ చరిత్ర నుండి, దక్కను చరిత్ర నుండి, చివరకు మేడ్చల్–షామీర్‌పేట టీకాల చరిత్ర నుండి కొన్ని సంఘటనలను తీసుకుని, వాటి నుండి సేవకులకు పనికివచ్చే సంగతులను ఎత్తి చూపుతాము.

1. పదాల వివరణ

భయం ఎలా నేర్చుకుంటామన్నది రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్‌లోవ్ కాలం నుండి పరిశీలనలో ఉన్న విషయం. ఒక గుర్తు తరువాత బాధ కలిగితే, తరువాత ఆ గుర్తు కనబడగానే శరీరం బెదురుతుంది. ఇది ప్రమాదాన్ని నేర్చుకోవడం. అదే గుర్తు పదే పదే కనబడినా బాధ రాకపోతే బెదురు మెల్లగా తగ్గుతుంది. ఇది క్షేమాన్ని నేర్చుకోవడం. అయితే నేర్పిన స్పందన చల్లారిన తరువాత కొంత విరామం ఇస్తే అది తనంతట తానే తిరిగి తలెత్తుతుందని పావ్‌లోవే గమనించాడు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మార్క్ బౌటన్ ఈ విషయాన్ని దశాబ్దాల పాటు పరిశోధించి, క్షేమాన్ని నేర్చుకోవడం అంటే పాత భయాన్ని చెరిపివేయడం కాదని, దాని పక్కన ఒక కొత్త పాఠాన్ని చేర్చుకోవడమని చూపించాడు. చోటు మారితే, సందర్భం మారితే పాత పాఠమే మళ్ళీ పైకి రావచ్చు.

ఇక రెండవ మాట, అనిశ్చితిని సహించలేకపోవడం. 1994లో కెనడాలోని క్విబెక్‌కు చెందిన ఫ్రీస్టన్, లాడూసర్, డుగా మొదలైనవారు అధిక చింతతో బాధపడేవారిని పరిశీలించి, దీనిని కొలవడానికి 27 ప్రశ్నల పట్టికను తయారు చేశారు. 2007లో కార్ల్‌టన్, ఆయన సహచరులు దానిని 12 ప్రశ్నలకు కుదించారు. ఈ గుణం ఎక్కువగా ఉన్నవారికి కీడు కంటే, కీడు వస్తుందో రాదో తెలియకపోవడమే ఎక్కువ బాధ. చెడ్డ వార్త అయినా సరే, ముందు తేలిపోతే చాలునని వారు కోరుకుంటారు.

ఈ రెండు విషయాలూ కలిసే చోటును ఇంగ్లండులోని రీడింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన జేన్ మోరిస్, ఆమె సహచరులు 2015 నుండి పరిశోధిస్తూ వచ్చారు. తెర మీద ఒక రంగు కనబడినప్పుడు కర్ణకఠోరమైన శబ్దం వినిపిస్తారు. మరొక రంగు కనబడినప్పుడు ఏమీ వినిపించరు. తరువాత శబ్దాన్ని పూర్తిగా ఆపేస్తారు. చాలామందిలో బెదురు క్రమంగా తగ్గుతుంది. అనిశ్చితిని సహించలేని వారిలో మాత్రం శబ్దం ఆగిన తరువాత కూడా బెదురు ఎక్కువసేపు నిలిచే ధోరణి కనబడింది. 2019లో ప్రచురించిన మరొక పరిశోధన మన విషయానికి ఇంకా దగ్గరైనది. ఇక మీదట శబ్దం రాదు అని ముందుగా స్పష్టంగా చెప్పినప్పుడు, అలాంటి వారిలో కూడా బెదురు త్వరగానే చల్లారింది.

ఇక్కడ రెండు హెచ్చరికలు అవసరం. ఈ ఫలితాలు అన్ని ప్రయోగాల్లోనూ ఒకే విధంగా రాలేదు. కనబడిన తేడా కూడా మితమైనదే. రెండవది, ప్రయోగశాలలో ఒక వ్యక్తి గురించి తెలిసిన దానిని ఒక సమాజం మొత్తానికి అంటగట్టడం చరిత్రకారుని పని కాదు. కనుక మేము ఈ జ్ఞానాన్ని ఒక తీర్పుగా కాక, పాత సంఘటనలను చూడటానికి ఒక దీపంగా మాత్రమే వాడుకుంటాము.

2. సంఘ చరిత్ర నుండి రెండు సాక్ష్యాలు

1527 ఆగస్టులో విట్టెన్‌బర్గ్ పట్టణంలో ప్లేగు ప్రవేశించింది. విశ్వవిద్యాలయాన్ని యేనా పట్టణానికి తరలించారు. మార్టిన్ లూథరును కూడా వెళ్ళిపొమ్మని పాలకుడు కోరినా, ఆయన బూగెన్‌హాగెన్‌తో కలిసి అక్కడే ఉండిపోయాడు. ఆయన భార్య కాథరీనా ఆ సమయంలో గర్భవతి. వారి ఇల్లే రోగులకు ఆశ్రయమయింది. ప్రాణాంతకమైన తెగులు వచ్చినప్పుడు పారిపోవచ్చునా అని బ్రెస్లౌ నగరంలోని కాపరులు, యోహాన్ హెస్ ద్వారా, అడిగిన ప్రశ్నకు ఆయన ఆ సంవత్సరమే జవాబు వ్రాసి ప్రచురించాడు.

ఆ జవాబులో మనం గమనించవలసినది ఏమంటే, లూథరు అందరికీ ఒకే ఆజ్ఞ ఇవ్వలేదు. బాధ్యతలో ఉన్న బోధకుడు, అధికారి, వైద్యుడు తమ అవసరం ఉన్నంతవరకు నిలిచి ఉండాలన్నాడు. పొరుగువాని సంరక్షణకు ఏర్పాటు ఉన్నప్పుడు మిగిలినవారు వెళ్ళిపోవడం పాపం కాదన్నాడు. మందులను, శుభ్రతను తృణీకరించి అదే విశ్వాసమనుకునేవారిని ఆయన గద్దించాడు. బాధ్యతను విడిచి పారిపోయేవారినీ గద్దించాడు. ప్లేగు ఎలా వ్యాపిస్తుందో ఆ కాలంలో ఎవరికీ తెలియదు. తెలియనిది తేలేవరకు ఆగకుండా, తెలిసిన కర్తవ్యం ఏమిటో ఆయన విడమరచి చెప్పాడు.

రెండవ సాక్ష్యం బోస్టన్ నగరానిది. 1721లో అక్కడ మశూచి విజృంభించింది. కాటన్ మేథర్ అనే కాపరి తన ఇంట బానిసగా ఉన్న ఒనేసిము అనే ఆఫ్రికా దేశస్థుని ద్వారా ఒక పద్ధతిని అంతకు ముందే విని ఉన్నాడు. రోగి పొక్కులోని చీమును ఆరోగ్యవంతుని చర్మానికి కొద్దిగా అంటించితే, చిన్నపాటి జబ్బు వచ్చి పోయి, పెద్ద జబ్బు రాదన్నదే ఆ పద్ధతి. బాయిల్‌స్టన్ అనే వైద్యుడు జూన్ 26న తన ఆరేళ్ళ కుమారునికే మొదట దానిని చేశాడు. నగరంలో కలవరం పుట్టింది. నవంబరులో మేథర్ ఇంటి కిటికీలో నుండి ఎవరో మందుగుండు విసిరారు. సాధారణంగా మశూచి సోకిన సుమారు 5,900 మందిలో 844 మంది, అంటే ఏడుగురిలో ఒకరు, మరణించారు. ఈ పద్ధతి పొందిన సుమారు 240 మందిలో ఆరుగురు, అంటే నలభై మందిలో ఒకరు, చనిపోయారు.

ఈ అంకెలు మేథర్ పక్షాన ఉన్నాయి. కాని ఆ ఆరుగురి మరణం కూడా నిజమే. మశూచి తనంతట తాను వచ్చి చంపితే అది దైవ నిర్ణయమనిపిస్తుంది. మనం చేయించిన పని వల్ల ఒకరు చనిపోతే అది మన చేతి మీద ఉన్నట్లనిపిస్తుంది. ముప్ఫై ఏడేళ్ళ తరువాత, 1758లో, ప్రఖ్యాత వేదాంతి జోనతన్ ఎడ్వర్డ్స్ ప్రిన్స్‌టన్ కళాశాల అధ్యక్షునిగా వచ్చిన కొద్ది వారాలకే ఈ పద్ధతిని స్వీకరించాడు. దాని ఫలితంగానే మార్చి 22న, 54 ఏళ్ళ వయస్సులో మరణించాడు. ఆయన తీసుకున్న నిర్ణయం ఆనాటి జ్ఞానాన్ని బట్టి సబబైనదే. సబబైన నిర్ణయానికి మంచి ఫలితం తప్పక వస్తుందన్న హామీ మాత్రం లేదు. ఈ తేడాను సంఘానికి నేర్పకపోతే, ఒక్క మరణం వెయ్యి క్షేమాలను మరిపిస్తుంది. 1796లో ఎడ్వర్డ్ జెన్నర్ ఆవు మశూచితో టీకా వేసే పద్ధతిని పరీక్షించి చూపిన తరువాతనే ఈ ప్రమాదం బాగా తగ్గింది.

3. దక్కనులో భయం, జ్ఞానం

మన ప్రాంతానికి వద్దాము. ఒంటి మీద పొక్కులు లేస్తే 'అమ్మవారు పోసింది' అనడం తెలుగునాట పాత వాడుక. ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టడం, రోగిని వేరుగా ఉంచడం ఉండేది. సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి బోనాలకు మూలం 1813 నాటి మహమ్మారి అని సంప్రదాయ కథనం. ఈ ఆచారాలను మూఢత్వమని ఒక్క మాటలో కొట్టివేసిన పాతకాలపు వ్రాతలు లేకపోలేదు. చరిత్ర విద్యార్థి ఇంకొక సంగతిని కూడా చూడాలి. ఎవరిని ఎప్పుడు పట్టుకుంటుందో తెలియని రోగానికి ఒక పేరు, ఒక ముఖం, చేయవలసిన ఒక పని ఉంటే, ఆ తెలియనితనం కొంతైనా మోయదగినదవుతుంది. మనుషులకు భయాన్ని తీర్చడం కంటే ముందు దానికి ఒక రూపు కావాలి. ఈ అవసరం మన విశ్వాసులలో కూడా ఉన్నదని కాపరులకు తెలుసు.

1897 ఆగస్టు 20న, మేడ్చల్‌కు దక్షిణాన ఉన్న సికింద్రాబాదులో, రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఒక దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. అంతవరకు మలేరియా చెడుగాలి వల్ల వస్తుందని చాలామంది నమ్మేవారు. ఆ పేరుకు అర్థమే చెడుగాలి. గాలికి భయపడేవాడు దేనికి భయపడకుండా ఉండగలడు? చెరువుగట్టు, సాయంత్రపు పొగమంచు, పల్లపు పొలం, తెరచి ఉన్న కిటికీ, అన్నీ భయపెట్టేవే. దోమ అని తేలిన తరువాత భయం ఒక చిన్న పురుగు మీదికి కుదించుకుపోయింది. మిగిలిన లోకం క్షేమమైనదిగా తిరిగి చేతికి వచ్చింది. దేనికి భయపడాలో ఖచ్చితంగా తెలియడం అంటే, దేనికి భయపడనక్కరలేదో తెలియడం కూడా. మంచి బోధ చేసే పని ఇదే.

అదే 1897లో దీనికి విరుద్ధమైన పాఠం పూణెలో కనబడింది. ప్లేగును అరికట్టే పేరుతో సైనికులు ఇళ్ళలో చొరబడి సోదాలు చేశారు. ప్రజలు ప్లేగు కంటే ప్లేగు అధికారులకే ఎక్కువ భయపడ్డారు. ఆ ఏడాది జూన్ 22న ప్లేగు అధికారి రాండ్‌పై కాల్పులు జరిగాయి. ఆయన ఆ గాయాలతో మరణించాడు. క్షేమం కోసం చేసిన పనే ప్రమాదానికి గుర్తుగా మారిపోయింది.

ప్లేగు టీకా కథ ఇంకా బాధాకరమైనది. వాల్డెమార్ హాఫ్కిన్ బొంబాయిలో టీకా తయారు చేసి, 1897 జనవరి 10న మొదట తన శరీరం మీదనే ప్రయోగించుకున్నాడు. లక్షలాది మందికి అది వేయబడింది. 1902లో పంజాబులోని ముల్కోవాల్ గ్రామంలో ఒకే సీసాలోని మందు పొందిన 19 మంది ధనుర్వాతంతో మరణించారు. హాఫ్కిన్‌ను పదవి నుండి తప్పించారు. తప్పు ఆయన ప్రయోగశాలది కాదని, ఆ గ్రామంలో సీసా తెరిచే సమయంలో కలుషితమై ఉంటుందని తేలి, ఆయన నిర్దోషిగా నిలవడానికి 1907 వరకు పట్టింది. ఆయన పక్షాన పట్టుదలగా వాదించినవారిలో సికింద్రాబాదు రాస్ ముఖ్యుడు. నిజం అయిదేళ్ళు ఆలస్యంగా వచ్చింది. ఆ అయిదేళ్ళలో భయం తన పాఠాన్ని చెప్పుకుంటూనే ఉంది.

4. మేడ్చల్–షామీర్‌పేట: టీకాల నేల

1993లో వరప్రసాద్ రెడ్డి గారు శాంతా బయోటెక్నిక్స్ సంస్థను స్థాపించారు. 1997లో ఆ సంస్థ మన దేశంలోనే మొట్టమొదటిదైన జన్యు పద్ధతి హెపటైటిస్–బి టీకాను విడుదల చేసింది. మేడ్చల్ దగ్గర దాని కర్మాగారం ఉంది. దిగుమతి టీకాలు సామాన్యులకు అందని ధర పలుకుతున్న ఆ రోజుల్లో ఇది గొప్ప మేలు. 1996లో డాక్టర్ కృష్ణ ఎల్లా, సుచిత్ర ఎల్లా దంపతులు భారత్ బయోటెక్‌ను స్థాపించారు. 1999లో షామీర్‌పేట–తుర్కపల్లి ప్రాంతంలో జీనోమ్ వ్యాలీ ఏర్పడింది. 1953లో స్థాపితమైన బయలాజికల్–ఇ సంస్థ కూడా షామీర్‌పేట ప్రాంతంలో తన కర్మాగారాన్ని నడుపుతున్నది. 2016 అక్టోబరు 11న మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడేవరకు ఈ గ్రామాలు రంగారెడ్డి జిల్లాలో ఉండేవి.

శాంతా సంస్థ చరిత్రలోని ఒక సంఘటన మన విషయానికి ఎంతో విలువైనది. పసిబిడ్డలకు అయిదు రోగాల నుండి రక్షణ ఇచ్చే ఆ సంస్థ టీకాకు 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు లభించింది. 2010లో కొన్ని సీసాల లోపలి గోడలకు తెల్లని మడ్డి అంటుకున్నట్లు కనబడటంతో ఆ గుర్తింపును తొలగించి, టీకాను వెనక్కి రప్పించారు. సంస్థ తయారీ విధానాన్ని సరిదిద్దుకుని, తిరిగి పరీక్షలకు నిలిచి, 2014లో మళ్ళీ గుర్తింపు పొందింది. నాలుగేళ్ళు పట్టింది. పోయిన నమ్మకాన్ని మాటలతో కాక పరీక్షలతో తిరిగి సంపాదించారు. సందేహాన్ని దాచిపెట్టకుండా, దానికి జవాబు దొరికేవరకు ఆగడమే క్షేమాన్ని నేర్పే మార్గమని మేడ్చల్ చెప్పే మొదటి పాఠం.

పోలియో చుక్కల చరిత్ర రెండవ పాఠం చెబుతుంది. 1995 నుండి పల్స్ పోలియో కార్యక్రమం ఏటేటా ఇంటింటికీ వచ్చింది. ఆ చుక్కల వల్ల పిల్లలు గొడ్డుపోతారన్న వదంతి దేశంలోని కొన్ని ప్రాంతాల్లో బలంగా పాకింది. దానిని జయించినది ఒక్క ప్రసంగం కాదు. అదే అంగన్‌వాడీ టీచరు, అదే ఆరోగ్య కార్యకర్త మళ్ళీ మళ్ళీ రావడం, పిల్లలు క్షేమంగా పెరగడం తల్లులు కళ్ళారా చూడటమే జయించింది. 2011 జనవరి 13న దేశంలో చివరి సహజ పోలియో కేసు నమోదయింది. 2014 మార్చి 27న మన ప్రాంతం పోలియో రహితమని ధ్రువీకరణ లభించింది. ప్రమాదాన్ని ఒక్కసారికే నేర్చుకుంటాము. క్షేమాన్ని అనేకసార్లు నేర్చుకోవాలి.

5. ఖమ్మం చెప్పే హెచ్చరిక

ఇంతవరకు చదివినవారు, భయపడేవారంతా తెలియనివారేనని మేము అంటున్నామనుకోవచ్చు. అది సరికాదు. 2009 జూలైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్.పి.వి. టీకాను 10 నుండి 14 ఏళ్ళ బాలికలకు వేసే ప్రయోగాత్మక కార్యక్రమం ప్రారంభమయింది. పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి దానిని నిర్వహించాయి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో సుమారు 14 వేల మంది బాలికలకు టీకా వేశారు. వారిలో చాలామంది గిరిజన బాలికలు, హాస్టళ్ళలో ఉండి చదువుకునేవారు. కొందరు బాలికల మరణ వార్తలు వచ్చిన తరువాత 2010 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం కార్యక్రమాన్ని నిలిపివేసింది.

ఆ మరణాలకు టీకా కారణమన్న ఆధారం విచారణ సంఘానికి దొరకలేదు. అయితే తల్లిదండ్రుల సమ్మతికి బదులు అనేక చోట్ల హాస్టలు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేసినట్లు బయటపడింది. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం తన నివేదికలో ఈ విషయాన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

ఈ సంఘటనను రెండు విధాలుగా తప్పుగా చెప్పవచ్చు. టీకా పిల్లలను చంపిందనడం ఒక తప్పు. టీకాలో దోషం లేదు గనుక ఆ తల్లిదండ్రుల ఫిర్యాదుకు అర్థం లేదనడం రెండవ తప్పు. వారికి కలిగిన నష్టం నిజమైనది. తమ బిడ్డ శరీరానికి ఏమి చేస్తున్నారో తెలుసుకునే హక్కు వారి చేతి నుండి జారిపోయింది. తెలియజేయకుండా చేసిన మేలు కూడా తరువాతి మేలు మీద అనుమానాన్ని పెంచుతుంది. సందేహించే విశ్వాసిని అవిశ్వాసి అని గద్దించేముందు కాపరి భద్రాచలాన్ని గుర్తు చేసుకోవాలి.

6. 2021: తుర్కపల్లి టీకా

2020 మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్ అమలయింది. ఆరాధన స్థలాలు మూతబడి, జూన్ 8 నుండి మెల్లగా తెరుచుకోవడం మొదలయింది. భారత్ బయోటెక్, భారత వైద్య పరిశోధన మండలితో కలిసి కొవాగ్జిన్‌ను రూపొందించింది. 2021 జనవరి 3న దానికి అత్యవసర వినియోగ అనుమతి ప్రకటించారు. సుమారు 25,800 మందితో జరుగుతున్న మూడవ దశ పరీక్షల ఫలితాలు అప్పటికి రాలేదు. అందుచేత దానిని క్లినికల్ ట్రయల్ పద్ధతిలో వేయాలని షరతు పెట్టారు. జనవరి 16న టీకా కార్యక్రమం ప్రారంభమైనప్పుడు, ఈ టీకా తీసుకునేవారు ఒక సమ్మతి పత్రం మీద సంతకం చేయవలసి వచ్చింది. ఢిల్లీలోని ఒక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి యువ వైద్యులే ఫలితాలు రాని టీకా తమకు వద్దని వ్రాసి ఇచ్చారు.

మార్చి 3న మధ్యంతర ఫలితం 81 శాతమని సంస్థ ప్రకటించింది. నవంబరులో లాన్సెట్ పత్రికలో వెలువడిన తుది ఫలితం 77.8 శాతం. నవంబరు 3న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర గుర్తింపు ఇచ్చింది. 2022 ఏప్రిల్‌లో, తనిఖీలో బయటపడిన తయారీ లోపాల కారణంగా, ఐక్యరాజ్య సమితి సంస్థల ద్వారా జరిగే సరఫరాను ఆ సంస్థే నిలిపివేసింది. టీకా రక్షణ విషయంలోనూ, సామర్థ్యం విషయంలోనూ సందేహం లేదని కూడా అదే సమయంలో తెలిపింది.

ఈ తేదీలను వరుసగా చదివితే ఒక సంగతి స్పష్టమవుతుంది. 2021 జనవరిలో 'పరీక్ష పూర్తి కాలేదు' అన్నవారు అబద్ధం చెప్పలేదు. 'ఇప్పటివరకు ప్రమాదం కనబడలేదు' అన్నవారు కూడా అబద్ధం చెప్పలేదు. ఈ రెండు నిజాల మధ్య నిలబడటమే కష్టం. ఆ కష్టాన్ని తప్పించుకోవడానికి రెండు ద్వారాలు తెరుచుకున్నాయి. ఒక ద్వారం 'ఏమీ కాదు, కళ్ళు మూసుకుని వేయించుకోండి' అన్నది. ఇంకొక ద్వారం 'ఇది మృగపు ముద్ర, 666' అన్నది. చూడటానికి ఇవి పూర్తిగా విరుద్ధమైనవి. లోపల రెండూ అమ్మింది ఒకే సరుకు, నిశ్చయత. వదంతిలోని ఆకర్షణ అది భయపెట్టడంలో లేదు. తెలియని దానిని తెలిసిన దానిగా మార్చి చేతికివ్వడంలో ఉంది. ఏప్రిల్, మే నెలల్లో రెండవ అల విరుచుకుపడినప్పుడు, జనవరిలో వాయిదా వేసుకున్న అనేకులు టీకా కోసం వరుసల్లో నిలబడ్డారు. అప్పుడు టీకాలకు కొరత వచ్చింది. అనిశ్చితి తీరేవరకు ఆగుదామన్న నిర్ణయానికి కూడా వెల ఉంటుందని, కొందరి విషయంలో ఆ వెల ప్రాణమేనని ఆ నెలలు చూపించాయి.

7. కాపరి పరిచర్యకు కొన్ని సూచనలు

మొదటిది, తెలిసినది, తెలియనిది, ఎప్పుడు తెలుస్తుంది అనే మూడింటినీ వేరువేరుగా చెప్పాలి. స్పష్టమైన మాట బెదురును తగ్గిస్తుందని రీడింగ్ ప్రయోగం చూపింది. స్పష్టత అంటే లేని హామీ ఇవ్వడం కాదు. 'జ్వరం, చేయినొప్పి రావచ్చు, రెండు రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోతే ఫలానా ఆసుపత్రికి వెళ్ళాలి' అని ముందుగా విన్నవాడు జ్వరం వచ్చినప్పుడు భయపడడు. 'ఏమీ రాదు' అని విన్నవాడు ఆ జ్వరంతోనే నమ్మకాన్ని పోగొట్టుకుంటాడు.

రెండవది, క్షేమాన్ని ఒకే ఆదివారం ప్రసంగంతో నేర్పలేము. మందిరంలో నేర్చుకున్న ధైర్యం ఆసుపత్రి గుమ్మం దగ్గర నిలవకపోవచ్చు, ఎందుకంటే చోటు మారింది. కనుక ఇంటి దర్శనంలోనూ, టీకా కేంద్రంలోనూ, వేయించుకున్న తరువాత మూడవ రోజునా కాపరి పక్కన ఉండటం అవసరం. లూథరు విట్టెన్‌బర్గ్‌లో చేసింది ఇదే.

మూడవది, ఒకే ప్రశ్నను పదిసార్లు అడిగే విశ్వాసిని గుర్తించాలి. అలాంటివారికి ప్రతిసారీ అభయమిస్తే, ఆ గంటకు ఊరట కలుగుతుంది. మరుసటి రోజు ప్రశ్న తిరిగి వస్తుంది. ఒకసారి పూర్తిగా జవాబు చెప్పి, తరువాత ఆ తెలియనితనంతో ఉండటానికి వారికి తోడు నిలవడం మేలు. నిద్ర, పని, తిండి చెడిపోతున్నట్లు కనబడితే మానసిక వైద్యుని దగ్గరకు పంపాలి. అది విశ్వాస లోపం కాదని వారి కుటుంబానికి చెప్పడం కూడా కాపరి బాధ్యతే.

నాలుగవది, సమ్మతిని గౌరవించాలి. సంఘ పెద్దలు ఒప్పుకున్నారు గనుక సంఘమంతా ఒప్పుకున్నట్లే అనే తీరు ఖమ్మం వార్డెన్ల సంతకానికి దూరమైనది కాదు.

ముగింపు

అబ్రాహాము ఎక్కడికి వెళ్ళవలెనో ఎరుగకయే బయలుదేరాడని హెబ్రీ పత్రిక రచయిత సాక్ష్యమిస్తున్నాడు. వేదాంత విద్యార్థులు తరచుగా ఈ మాటను గమ్యం గురించిన నిశ్చయతగా బోధిస్తారు. అక్కడ నిశ్చయత గమ్యం గురించి కాదు, పిలిచినవాని గురించి. ఈ భేదం తెలిసిన సంఘం టీకా విషయంలో తనకు తెలియనిది ఉన్నదని ఒప్పుకోవడానికి సిగ్గుపడదు. ఆ తెలియనితనాన్ని తీర్చుకోవడానికి వదంతిని ఆశ్రయించవలసిన అవసరం కూడా దానికి ఉండదు.

తుర్కపల్లి, మేడ్చల్ కర్మాగారాల నుండి కొత్త టీకాలు ఇంకా వస్తాయి. కొత్త రోగాలూ వస్తాయి. కాపరి దగ్గరకు వచ్చే ప్రశ్న కూడా మళ్ళీ వస్తుంది. ఆ రోజున మన దగ్గర అన్ని జవాబులూ ఉండకపోవచ్చు. ఉన్నవాటిని సూటిగా చెప్పి, లేనివాటిని లేవని ఒప్పుకుని, అడిగినవారితో కూడా టీకా కేంద్రం వరకు నడిచి వెళ్ళగలిగితే, మన పరిచర్యలో ఆ భాగం నెరవేరినట్లే.